అసలు సంగతి బెజ్జంలో ఉంటుంది: పశ్చిమ ఆఫ్రికా పాత గాజుపూసలూ వాటి నకళ్ళూ

ఘానాలోని కొఫొరిడువా ఊళ్ళో ప్రతి గురువారం పూసల సంత జరుగుతుంది. అక్కడ బల్లల మీద పరిచిన దండల్లో కొత్తవాళ్ళ కన్ను ముందుగా పడేది పువ్వుల పూసల మీద. నల్లటి, గోధుమరంగు గాజు మీద పసుపు, ఎరుపు, నీలం పువ్వులు నొక్కి అతికించినట్టుండే వీటిని మిల్లెఫియోరి అంటారు, ఇటాలియన్ భాషలో వెయ్యి పువ్వులని అర్థం. వెనిస్‌లో చేసినవి, వందేళ్ళు పైబడినవి అని చెప్పి అమ్ముతారు. వాటిలో కొన్ని నిజంగా అవే. అదే బల్ల మీద, ఒక్కోసారి అదే దండలో, మన ఉత్తరప్రదేశ్ కొలిముల్లో నిన్నమొన్న చేసిన పూసలూ ఉంటాయి. రెండింటికీ పువ్వులున్నాయి, రెండింటి మీదా ఆఫ్రికా దుమ్ముంది. పువ్వు చూసి కొనేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే నకలు చేసేవాడు కొనేవాళ్ళ చూపు ఆగే చోటే తన శ్రమంతా పెడతాడు. బెజ్జం లోపలా, కొసల మీదా, గాజులో చిక్కుకున్న బుడగల దగ్గరా అంత శ్రమ పెట్టడు. పెట్టినా గిట్టుబాటు కాదు.

ముందు ఈ పూసలు అక్కడికెలా చేరాయో కొంచెం తెలియాలి. 15వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు గినియా తీరం చేరినప్పటినుంచి 20వ శతాబ్దం మొదటి సగందాకా, బంగారానికీ, ఏనుగుదంతానికీ, పామాయిల్‌కీ, చాలాకాలం పాటు మనుషులకీ బదులుగా యూరప్ వర్తకులు ఇచ్చిన సరుకుల్లో గాజుపూసలు ఒకటి. బట్టలూ తుపాకులూ ఇత్తడీ కూడా ఇచ్చారు, ఆ బట్టల్లో మన కోరమండల్ తీరం నేతా ఉంది. పూసలు ఎక్కువగా వెనిస్ నుంచీ, పక్కనే ఉన్న మురానో దీవి నుంచీ, ఆ తర్వాత బొహీమియా నుంచీ, అంటే ఇప్పటి చెక్ దేశంలోని యాబ్లోనెత్స్ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ వచ్చాయి. ఇప్పుడు సంతల్లో, ఇంటర్నెట్‌లో దొరికే దండల్లో 16వ శతాబ్దం పూసలు అని రాసినవాటిని చూసి మురిసిపోనక్కర్లేదు. పాతవే అయినా చాలామటుకు 1850-1930 మధ్య చేసినవే. ఈ లెక్క గాల్లోంచి రాలేదు. వర్తకులు ఆర్డర్లు తీసుకోవడానికి పూసల్ని అట్టలకి కుట్టి నంబర్లు వేసి తిప్పేవారు, చీరల కొట్లో ముక్కల పుస్తకం లాంటివన్నమాట. లండన్ పూసల వ్యాపారి లెవిన్ ఇచ్చిన అట్టలు 1863లో బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సిక్ కంపెనీ అట్టలు అక్కడి ట్రోపెన్ మ్యూజియంలో (ఇప్పటి పేరు వెరెల్డ్ మ్యూజియం) ఉన్నాయి. ఏ పూస ఏ కాలంలో అమ్మకంలో ఉందో చెప్పడానికి ఇలాంటి అట్టలకి మించిన సాక్ష్యం లేదు, దుకాణదారు చెప్పే తాతల కథ వీటి ముందు ఎందుకూ పనికిరాదు.

ఇక నకలు అన్న మాట దగ్గరకొస్తే, అది ఇక్కడ చాలా జారుడు మాట. గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఎర్రరాయిని, కార్నీలియన్‌ని, కాల్చి రంగు తేల్చి సానపట్టి పూసలు చేసేవారు, ఇప్పటికీ చేస్తున్నారు. అవి శతాబ్దాలపాటు ఆఫ్రికాకి వెళ్ళాయి. 19వ శతాబ్దంలో జర్మనీలోని ఇడార్-ఓబర్‌స్టైన్ ఊరివాళ్ళు అగేట్ రాయికి రంగులెక్కించి అవే రూపాల్ని కోసి అదే మార్కెట్‌కి పంపారు. ఆ వెనకే బొహీమియావాళ్ళు రాయి ఎందుకు, ఖర్చెందుకు అని ఎర్రగాజుని అచ్చులో నొక్కి అవే ఇంకా చవగ్గా తయారుచేశారు. సహారాలో త్వారెగ్ జనం తల్హకిమ్త్ అనే పతకం వేసుకుంటారు, ఉంగరానికి కింద త్రికోణం తగిలించినట్టుంటుంది. రాయిదీ ఉంది, రాయిని చూసి చేసిన గాజుదీ ఉంది, గాజుని చూసి చేసిన ప్లాస్టిక్‌దీ ఉంది. ఇప్పుడు ఆ గాజు పతకమే పాత బొహీమియన్ అనే పేరు మీద మంచి ధర పలుకుతోంది! అంటే ఒక తరం నకలు తర్వాతి తరానికి అసలు. బొహీమియా ఏజెంట్లు ఆఫ్రికా సంతల్లో తిరిగి, అక్కడ జనం మెచ్చే గవ్వ బిళ్ళలు, పగడాలు, జంతువుల కోరలు ఇంటికి తీసుకెళ్ళి గాజులో దింపేవారు. కాబట్టి ఇది అసలా నకలా అని అడిగితే జవాబు రాదు. ఎక్కడ, ఏ పద్ధతిలో, సుమారుగా ఎప్పుడు చేశారు అని అడిగితే వస్తుంది, ఆ జవాబు పూసలోనే ఉంటుంది.

పద్ధతితోనే మొదలుపెట్టాలి. గాజుపూస చెయ్యడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒకటి సాగదీయడం. కరిగిన గాజుముద్దలో బోలు చేసి దాన్ని సన్నటి గొట్టంలా సాగదీసి, చల్లారాక ముక్కలు కొట్టి, ఆ ముక్కల్ని బూడిదలాంటి పొడితో కలిపి మళ్ళీ వేడిచేస్తే అంచులు గుండ్రబడతాయి. మురానోలో ఒక ముద్దకి రెండు కొసలా కడ్డీలు అంటించి ఇద్దరు మనుషులు చెరో దిక్కుకీ పరిగెత్తేవారు. మన దగ్గర తిరుపతి జిల్లా ఏర్పేడు మండలం పాపానాయుడుపేటలో పరుగు లేదు, కొలిమి ముందు కూర్చున్న పనివాడు ఇనుపగొట్టం చుట్టూ ఉన్న గాజుముద్దలోంచి గాజుగొట్టాన్ని చేత్తో లాగుతూ పోయేవాడు. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండు వేల ఏళ్ళ కిందట చేసిన చిన్న పూసల పద్ధతి ఇదేనని పరిశోధకులు 1980లలో ఈ ఊరికొచ్చి చూసి రాసుకెళ్ళారు. ఆ జాతి పూసలు తూర్పు ఆఫ్రికా తీరందాకా దొరికాయి. సాగదీసిన పూస ఎక్కడ చేసినా గుర్తు ఒక్కటే, లోపలి బుడగలు, గీతలు బెజ్జానికి సమాంతరంగా పొడుగ్గా సాగి ఉంటాయి.

రెండోది చుట్టడం. దీపం మంట మీద గాజుకడ్డీని కరిగించి లోహపు తీగ మీద చుట్టుకుంటూ పోతారు, అప్పుడు బుడగలూ గీతలూ బెజ్జం చుట్టూ వలయాల్లా తిరుగుతాయి, కొసల దగ్గర ఒక్కోసారి చుట్టు ముగిసిన చిన్న తోక కనిపిస్తుంది. మూడోది అచ్చులో నొక్కడం, దీనికి అచ్చు రెండు సగాలూ కలిసిన గీత ఉంటుంది, సానపట్టి చెరిపేసినా వెలుతురులో వాలుగా తిప్పి చూస్తే ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. పదిరెట్ల భూతద్దం, ఫోన్ టార్చ్ ఉంటే ఈ మూడింట్లో ఏదో తేల్చడానికి నిమిషం పట్టదు. ఇంత చిన్న పని చెయ్యకుండానే వేలకి వేలు పోసి కొనేవాళ్ళున్నారు, అదే ఆశ్చర్యం.

ఇది తేలితే సగం మోసాలు అక్కడే తేలిపోతాయి. ఉదాహరణకి వైట్ హార్ట్ పూసలు. పైన ఎర్రగాజు, లోపల తెల్లగాజు. పాత ఎరుపు బంగారం కలిపితే వచ్చే రంగు, ఖరీదు, అందుకని పల్చటి పొరగా వేసి లోపల తెలుపు పెట్టారు, తెలుపు వెనక ఉండటంతో ఎరుపు ఇంకా వెలుగుతుంది కూడా. 19వ శతాబ్దంలో ఇవి వచ్చాక వీటికి ముందున్న పచ్చగుండె పూసలు వెనకపడ్డాయి. వాటి లోపలి పొర చూడటానికి నల్లగా ఉంటుంది, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటేనే ఆకుపచ్చని తెలుస్తుంది. చిన్న సైజు పాత వైట్ హార్ట్‌లు ఎక్కువగా సాగదీసినవి, పెద్దవి చుట్టినవి. ఇప్పటి నకళ్ళలో ఎరుపు నారింజవైపు తిరిగి, మందంగా, సిమెంటు పెయింటులా ఉంటుంది. సెలీనియం, కాడ్మియంతో వచ్చే ఆ గట్టి ఎరుపు, నారింజ, నిమ్మపసుపు రంగులు 19వ శతాబ్దం చివరికిగానీ పూసల్లోకి రాలేదు. అలాంటి రంగున్న పూసని 1700 నాటిదంటే నవ్వి ఊరుకోవడమే.

షెవ్రాన్ పూస సంగతి కొంచెం వేరు, దాన్ని ఎంత చెప్పినా తక్కువే. మురానోలో 15వ శతాబ్దం చివరి రోజుల్లో పుట్టిన రకం. గాజుముద్దని నక్షత్రం ఆకారపు గాడుల అచ్చులోకి దింపి, మీద ఇంకో రంగు పొర వేసి, మళ్ళీ అచ్చులోకి దింపి, ఇలా తెలుపు, ఎరుపు, నీలం పొరలు ఒకదాని మీద ఒకటి ఎక్కించాక మొత్తాన్ని సాగదీసి కోస్తారు. కొసలు సానపడితే పన్నెండు కోణాల నక్షత్రం, పక్కల్లో రంపపు పళ్ళలాంటి గీతలు బయటికొస్తాయి. తొలినాళ్ళవి ఏడు పొరలవి, వాటిలో లేత పచ్చగా వెలుతురు పారే పొరలుంటాయి. 19వ, 20వ శతాబ్దాల్లో ఆఫ్రికాకి గుట్టలుగా వెళ్ళినవి ఎక్కువగా ఆరు, నాలుగు పొరలవి. భారత్‌లోనూ చైనాలోనూ ఇప్పుడు షెవ్రాన్లు చేస్తున్నారు, వాటి మీద నేరం మోపాల్సిన పనిలేదు, కొత్తవిగా అమ్మితే చక్కటి వస్తువులే. పాతవంటూ అమ్మినప్పుడే గొడవ. చవకరకం వాటిలో నక్షత్రం కోణాలు మొద్దుబారి, ఒకవైపు లావుగా ఒకవైపు సన్నగా ఉంటాయి, పొరల మధ్య రంగు కాస్త కలిసిపోయి ఉంటుంది. మంచిరకం వాటిలో తప్పు పట్టడం కష్టం, అన్నీ ఒకే కొలతలో, ఒకే నునుపులో ఉండటమే అనుమానానికి తావిస్తుంది. చేతి సానమీద అరగదీసిన పాత దండలో ఏ రెండు షెవ్రాన్లూ ఒకేలా ఉండవు. ఏడు పొరలుంటే చాలు పాతదే అన్న సూత్రం ఒకటి తిరుగుతోంది, నమ్మకండి, ఏడు పొరలు వెయ్యడం ఇప్పుడూ వచ్చు.

మళ్ళీ పువ్వుల పూసల దగ్గరికి వద్దాం. పాత వెనిస్ పూసలో మధ్యలో ఒక రంగు గాజు చుట్టి, దానిమీద పూలకడ్డీని, అంటే అడ్డంగా కోస్తే పువ్వు కనిపించే గాజుకడ్డీని, కోసిన పల్చటి బిళ్ళల్ని పక్కపక్కనే పరిచి వేడిమీద దొర్లించి అదిమేవారు. బిళ్ళలు అంచులతో సహా స్పష్టంగా కనిపిస్తాయి, వాడకంలో ఒకటో రెండో రాలిపోయి చిన్న గుంటలుంటాయి. ఉత్తరప్రదేశ్‌లోని పుర్దిల్‌నగర్‌లాంటి చోట్ల చేసే ఎగుమతి సరుకులో బిళ్ళలు పెద్దవి, పువ్వు మసకబారి కరిగినట్టుంటుంది, మధ్యలో ఖాళీలుంటాయి. ఇది అన్నిసార్లూ నిజం కాదు. కొందరు పనివాళ్ళ చెయ్యి బాగుంటుంది, వెనిస్‌లోనూ హడావుడిగా చేసిన నాసిరకం బోలెడు. అందుకే బెజ్జం చూడమనేది. ఇప్పటి పూసలు చుట్టేటప్పుడు గాజు తీగకి అతుక్కోకుండా తీగకి ముందే మట్టిపూత పూస్తారు, పూస తీశాక ఆ పూత బెజ్జం లోపల తెల్లగానో బూడిదరంగుగానో సుద్దలా మిగిలిపోతుంది. గుండుసూదితో గీకితే పొడి రాలుతుంది. పాత వెనిస్ పనిలో మామూలుగా రాగితీగ వాడి, దాన్ని యాసిడ్‌లో కరిగించో, సాగదీసి లాగో తీసేసేవారు, బెజ్జం నున్నగా ఉంటుంది. ఒక్కో దండని ఈ ఒక్క పరీక్షతోనే రెండు కుప్పలుగా విడగొట్టచ్చు. కాకపోతే బెజ్జంలో మట్టి కనబడితే అది తయారీ పూతా, భూమిలోంచి వచ్చిన మట్టా, అమ్మేవాడు కావాలని కూరినదా అని చూసుకోవాలి. కూరిన ఎర్రమట్టి గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానేస్తే దిగిపోతుంది. పూత అంత తేలిగ్గా దిగదు, పొరలా గోడకి పట్టి ఉంటుంది.

ఇప్పుడు పాతదనం. గాజుపూస ఎక్కడ అరుగుతుందో ఆలోచిస్తే నకిలీ పాతదనం దానంతటదే దొరికిపోతుంది. దండలో పక్క పూసని ఒరుసుకునేది కొసలే, కాబట్టి అరుగుదల మొదట అక్కడే, బెజ్జం చుట్టూ చదునుగా, ఒక్కోసారి ఏటవాలుగా. దారం లాగి లాగి బెజ్జం అంచు నున్నబడుతుంది. ఒళ్ళంతా చిన్నచిన్న దెబ్బలు, అవీ ఎత్తుగా ఉన్నచోట ఎక్కువ, పల్లంలో తక్కువ. పాత పెచ్చు ఊడిన చోట అంచులు వేలికి గుచ్చుకోవు. యాసిడ్‌లో ముంచి మెరుపు తీసిన పూస అలా ఉండదు. పల్లమూ మిట్టా, కొసా నడుమూ అంతా ఒకే పొడి మసక, గదిలో సున్నం వేసినట్టు. ఇసుకతో డ్రమ్ములో తిప్పినవాటికి ఒళ్ళంతా ఒకే రకం గరుకు వస్తుంది. మసకబారితే పాతది అనుకోవడం ఎంత తప్పో, మెరిస్తే కొత్తది అనుకోవడమూ అంతే తప్పు, పెట్టెలో దాచిపెట్టి పండగలకి మాత్రమే తీసిన పూస వందేళ్ళయినా మెరుస్తుంది.

యూవీ టార్చ్ వేసి చూసి యురేనియం గాజు, పాతదే అని తీర్పిచ్చేవాళ్ళు ఇంకో రకం. వ్యాసలీన్ పూసలని పిలిచే పసుపుపచ్చ బొహీమియన్ పూసల్లో కొన్ని యూవీ కింద ఆకుపచ్చగా వెలుగుతాయి, నిజమే. యురేనియం గాజు ఇప్పటికీ చేస్తారు. వెలుగు వచ్చిందంటే యురేనియం ఉందనే అర్థం, తారీకు కాదు. అలాగే గాజే కాని వాటినీ గాజుగా అమ్ముతారు. 1840లో ఇంగ్లండ్‌లో ప్రాసర్ అనే ఆయన బొత్తాల కోసం పేటెంట్ తీసుకున్న పద్ధతిలో పింగాణీ పొడిని అచ్చులో నొక్కి కాలుస్తారు, ఫ్రాన్స్‌లో దాన్ని పూసలకి తెగ వాడారు. అవి ఆఫ్రికాకి కోట్లలో వెళ్ళిన పూసలు. నడుముకి సన్నటి పట్టీ, ఒక కొస నున్నగా, రెండో కొస నారింజతొక్కలా గుంటలుగా ఉంటే అది ప్రాసర్ పూస, 1840కి ముందుది అయ్యే అవకాశమే లేదు. ఇంత కచ్చితంగా తారీకు చెప్పగలిగే పూసలు తక్కువ.

ఇదంతా యూరప్ నుంచి వచ్చిన సరుకు గురించి. ఆఫ్రికాలో గాజు చెయ్యడం తెలియదని చాలాకాలం రాసుకుంటూ వచ్చారు, అది తప్పని నైజీరియాలోని ఇలె-ఇఫె తేల్చింది. అక్కడ ఇగ్బో ఒలోకున్ అనే చోట ఇటీవలి తవ్వకాల్లో 12 వేలకు పైగా గాజుపూసలు, గాజు కరిగించిన మూసల ముక్కలు వందల్లో బయటపడ్డాయి. ఆ గాజులో సున్నం, అల్యూమినా రెండూ ఎక్కువ, అలాంటి కలయిక యూరప్‌లోగానీ అరబ్బు దేశాల్లోగానీ చేసిన గాజుల్లో లేదు. అంటే ఓడలు రాకముందే, 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం మధ్యలో, అక్కడే ముడిసరుకునుంచి గాజు కాచారు. పోర్చుగీసువాళ్ళు ఇప్పటి నైజీరియాలోని బెనిన్ రాజ్యం వైపు కొని గోల్డ్‌కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘానా తీరంలో, బంగారానికి అమ్మిన కోరి అనే నీలి పూసలు ఇవేనా అన్న చర్చ నడుస్తూనే ఉంది. వెలుతురు మీదపడితే నీలంగా, వెలుతురుకి అడ్డంపెట్టి చూస్తే ఆకుపచ్చగా కనిపించే గాజుపూసలు ఈ చర్చలో ముందువరసలో ఉంటాయి. తర్వాత అగ్రీ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ పూసలకి యూరప్‌వాళ్ళు నకళ్ళు చేయించి తెచ్చి అమ్మబోతే తీరంలోని జనం ఇట్టే కనిపెట్టేసేవారని ఆ కాలపు యూరోపియన్ రాతల్లోనే ఉంది. 1817లో అసాంతె రాజధాని కుమాసీ వెళ్ళిన బౌడిచ్ అనే ఇంగ్లీషువాడు, ఈ పూసల్ని ఇసుకలో పాతిపెడితే పెరుగుతాయి, పిల్లలు కూడా పెడతాయని అక్కడ నమ్ముతారని రాశాడు. పుస్తకంలో నెమలీక పెట్టి పిల్లలు పెడుతుందేమోనని రోజూ తెరిచి చూసినవాళ్ళం, మనకది వింతేమీ కాదు.

ఘానాలో క్రోబో జనం చేసే పొడిగాజు పూసలు ఇంకో లోకం. సీసాల్ని దంచి పొడిచేసి, కయోలిన్ అనే తెల్లమట్టి పూసిన మట్టి అచ్చుగుంటల్లో నింపి, మధ్యలో కర్రపెండలం ఆకు కాడ నిలబెట్టి కొలిమిలో పెడతారు, కాడ కాలిపోయి బెజ్జం మిగులుతుంది. ఈ రకంలో పాత బొడొమ్ పూసకి మంచి గిరాకీ. పసుపు ఒంటి మీద అడ్డదిడ్డంగా గుర్తులు, బెజ్జంలోకి చూస్తే లోపల ముదురు బూడిదరంగో నలుపో గుండె. కొత్త బొడొమ్‌లలో చాలావాటికి లోపలా పసుపే. మౌరిటానియాలో కిఫ్ఫా ఊరి ఆడవాళ్ళు గాజుని రాతిమీద మెత్తగా నూరి, బంకతో కలిపి, సూదిమొనతో గీతగీతగా పేర్చి, సార్డీన్ చేపల డబ్బాల్లో పెట్టి నిప్పులమీద కాల్చేవారు. త్రికోణం మీద కళ్ళు, గీతలతో ఉండే ఆ పూసలకి పాలిమర్ మట్టితో, అంటే ప్లాస్టిక్ ముద్దతో, నకళ్ళొచ్చాయి. చేతిలోకి తీసుకుంటే చాలు, తేలిగ్గా, చల్లదనం లేకుండా ఉంటాయి. గాజు మొదట చల్లగా తగులుతుంది.

కంటికి అందనిచోట ల్యాబ్ పనికొస్తుంది. తెల్లగాజుని తెల్లగా చెయ్యడానికి ఒక్కో కాలంలో ఒక్కోటి కలిపారు, మొదట తగరం, తర్వాత యాంటిమనీ, ఆపైన ఆర్సెనిక్, చివరికి ఫ్లోరైడ్. పూస పగలగొట్టకుండా ఎక్స్‌రే పరికరంతో వీటిలో కొన్నింటిని చూడచ్చు. మ్యూజియాలు చేస్తాయి. సంతలో దండ కొనేవాళ్ళకి అంత ఖర్చు అక్కర్లేదు, కానీ ఈ వరస తెలిసి ఉంటే, అమ్మేవాడు ల్యాబ్ రిపోర్టు ఉంది అన్నప్పుడు దేన్ని కొలిచారు అని అడగడానికైనా వీలుంటుంది.

దండని దండగా నమ్మకూడదన్నది ఇక్కడ కొత్తవాళ్ళు పట్టించుకోని సంగతి. 1960లలో హిప్పీల కాలంలో పశ్చిమ ఆఫ్రికా వర్తకులు ఈ పూసల్ని అమెరికా, యూరప్‌లకి మోసుకెళ్ళినప్పటినుంచి అమ్మకానికి వీలుగా రాఫియా నారమీద మళ్ళీ గుచ్చుతూనే ఉన్నారు. ఒక్క దండలో మూడు దేశాలు, నూట యాభై ఏళ్ళు కలిసి ఉండచ్చు. పూసపూసకీ విడిగా చూడాల్సిందే, అలా చూసినప్పుడు ఒక రకం మాత్రం ఎంతటివాళ్ళనైనా టెన్షన్ పెడుతుంది. భారత్ నుంచి 1980లలో వెళ్ళిన నకళ్ళు ఘానాలో, మాలిలో జనం మెడల్లో, నడుముల్లో నలభై ఏళ్ళు తిరిగాయి. కొసలు నిజంగానే అరిగాయి, పెచ్చుల అంచులు నిజంగానే మెత్తబడ్డాయి, చెమటా నూనే పట్టి ఒళ్ళు నిగనిగలాడుతోంది. ఆ అరుగుదలలో మోసం లేదు, పూసే వెనిస్‌ది కాదు. అలాంటిదాన్ని పట్టివ్వడానికి మిగిలేవి రంగూ, బుడగల దిశా, బెజ్జం లోపల దారం తగలని మూలలో ఇంకా అంటిపెట్టుకునున్న ఆ సుద్దపొరా.